బాలింతల వార్డుకు రాత్రిపూట ఇంకో నర్సు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

ఏటా మే 12న నర్సుల దినోత్సవం నాడు శాలువాలు కప్పే ఫొటోలు పత్రికల్లో చూస్తుంటాను. వాటి మీద నాకు కోపం లేదు. అయితే ఆ వేదికల మీద అందరూ పొగిడే సేవాభావం అర్ధరాత్రి బాలింతల వార్డులో ఎంత ఇరుకున పడి బతుకుతోందో ఈ మధ్య దగ్గర నుంచి చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాక ముందు మా ఊరి ఆసుపత్రి, అక్కడ కాదనడంతో 108లో జిల్లాలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి. బిడ్డను వాక్యూమ్‌తో తీశారు. పుట్టగానే ఏడవకపోవడంతో శిశువుల ప్రత్యేక విభాగానికి తీసుకుపోయారు. ఇటు మాయ పడ్డాక తల్లికి రక్తం ఆగలేదు. డాక్టర్లు పరుగున వచ్చి మందులిచ్చి, రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి.

వార్డుకు తెచ్చాక మా అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. చుట్టూ అందరి పక్కలోనూ బిడ్డలున్నారు, తన పక్కలో లేదు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "బాగానే ఉంది, పడుకో." బాగుంటే నా దగ్గరెందుకు లేదని ఆ పిల్ల మనసులో పురుగు తొలుస్తోంది. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లు ఊరుకుంటారా! కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినలేదని ఒకరు, గట్టిగా ముక్కలేదు కాబోలని మరొకరు. నోరు మూయించడానికి నాకూ ధైర్యం చాలలేదు, వాళ్లు వియ్యాలవారి తరఫు.

రాత్రి డ్యూటీకి వచ్చిన స్టాఫ్ నర్సు బీపీ చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూసింది, గుడ్డ ఎంత తడిసిందో చూసింది. అంతటితో వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టరు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, "నీకేం జరిగిందో ఎవరైనా చెప్పారామ్మా?" అని అడిగింది. కాన్పు అయ్యాక గర్భసంచి ముడుచుకోవాలని, చాలాసేపు నొప్పులు పడి అలసిపోతే ఒక్కోసారి ముడుచుకోదని, అందుకే రక్తం పోయిందని, నువ్వు చేసిన తప్పేమీ లేదని నెమ్మదిగా చెప్పింది. ఆ చివరి మాట వియ్యపురాలికి వినబడేలా కాస్త గట్టిగానే చెప్పిందని నా అనుమానం. చున్నీ అడ్డం పట్టుకోమని నాకిచ్చి, తడిసిన బట్టలు తనే మార్చింది. ముర్రుపాలు చేత్తో పిండటం నేర్పి, వాటిని బిడ్డ ఉన్న విభాగానికి పంపింది. తెల్లవారాక డ్యూటీ దిగి కూడా వెళ్లకుండా, చక్రాల కుర్చీలో తల్లిని బిడ్డ దగ్గరికి తీసుకెళ్లింది. అప్పుడు ఏడ్చింది మా అమ్మాయి, కాన్పు అయ్యాక మొదటిసారి.

ఆ రాత్రి వార్డంతటికీ ఆమె ఒక్కరే. మా మంచం దగ్గర కూర్చున్నంతసేపూ అటు నుంచి "సిస్టర్, సిస్టర్" అని పిలుపులు వస్తూనే ఉన్నాయి. ఆమె పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మెచ్చుకోలు వస్తుందో, మిగతా మంచాలు ఎందుకు చూడలేదని సంజాయిషీ అడుగుతారో చెప్పలేం. బోధనాసుపత్రుల సాధారణ వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. రాయదుర్గం, కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపుల నుంచి కష్టమైన కేసులన్నీ అనంతపురానికే పంపుతుంటే ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మందులు, రక్తం, భోజనం, ఇంటికి బండి ఉచితం. మాకూ అందాయి. ప్రసవ సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం ప్రసూతి గదిని, ఆపరేషన్ థియేటర్‌ను బాగుచేయడానికి. మంచిదే. అయితే తనిఖీ బృందాల చూపు ఆ గదుల దగ్గరే ఆగిపోతుంది. తల్లి ఆ తలుపు దాటి వార్డులోకి వచ్చాక ఆమె మనసు ఎవరి ఖాతాలోనూ లేదు. కాన్పులో ఏం జరిగిందో తల్లికి వివరించడం కేసు షీటులో ఒక గడి కూడా కాదు.

కాబట్టి జిల్లా వైద్యాధికారులు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ముందుగా బాలింతల వార్డులో రాత్రి షిఫ్టుకు రెండో నర్సును వేయాలి. ఖాళీలు నిండేదాకా కాంట్రాక్టు మీదైనా సరే, జీతం మాత్రం నెలనెలా పడాలి. శిశువుల విభాగంలో బిడ్డలున్న తల్లులు లోపలికి వెళ్లే వేళలు వార్డు గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. బిడ్డ దగ్గర తల్లిదండ్రులు ఉండవచ్చని 2017లో కేంద్రమే మార్గదర్శకాలిచ్చింది. కష్టమైన కాన్పు అయిన ప్రతి తల్లికీ ఇంటికి పంపే ముందు డాక్టరో నర్సో జరిగింది చెప్పి, చెప్పినట్టు కేసు షీటులో సంతకం చేయాలి.

— ఒక పాఠకురాలు, గుంతకల్లు, అనంతపురం జిల్లా