వారంటీ అయిపోయింది సరే, ఏం చెడిందో రాసివ్వరా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఇంజనీరింగులో చేరినప్పుడు 52 వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నాం. వారంటీ ఏడాది. పదో నెలలో పేచీ మొదలైంది. ఒకరోజు చార్జింగ్ ఎక్కేది, ఒకరోజు ఎక్కేది కాదు. కంపెనీ సర్వీసు సెంటర్‌కు రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ జాబ్ షీటు మీద ఒకటే మాట: ‘సమస్య కనిపించలేదు, బయాస్ అప్‌డేట్ చేశాం’. బయాస్ అంటే లాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్. పదమూడో నెలలో పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు మాత్రం సమస్య వాళ్లకు ఇట్టే కనిపించింది. మదర్‌బోర్డు పోయిందట, కొత్తది 34 వేలట, వారంటీ దాటి పందొమ్మిది రోజులైందట.

బోర్డులో ఏం పోయిందని అడిగాను. ‘బోర్డే పోయింది సార్, మేం బోర్డు మార్చడమే, లోపల చూడం’ అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అతన్ని అనీ లాభం లేదు, వాళ్లకు చెప్పింది అంతే. ఎందుకు పోయిందో కాగితం మీద రాసివ్వమంటే మేనేజర్ దాకా వెళ్లి వచ్చి, అలాంటి పద్ధతి లేదన్నాడు.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోయాను. అక్కడ చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మొత్తం మార్చకుండా అందులో పోయిన భాగాన్నే మార్చే పని చేసే కుర్రాడు బోర్డును భూతద్దం కింద పెట్టి, చార్జింగ్‌ను నడిపించే చిన్న చిప్పు (చార్జింగ్ ఐసీ) పోయిందని పది నిమిషాల్లో తేల్చాడు. సాయంత్రానికల్లా వేరేది వేసి 2,800 తీసుకున్నాడు. ‘నీళ్లు పడ్డ గుర్తులేం లేవన్నా’ అని కూడా చెప్పాడు. ఆ మాటే బిల్లు మీద రాయమన్నాను. నవ్వి, ‘సర్వీసు చార్జి అని రాస్త. అదంత రాస్తే రేపు కోర్టుకు పిలుస్తరు, నా దుకాణం ఎవరు చూస్తరు?’ అన్నాడు.

నేను ఈ ఉత్తరం రాసేది ఇందుకే. వారంటీ తర్వాత చెడిన ప్రతిదానికీ కంపెనీయే బాధ్యత వహించాలని నేననను. నేను నడుపుతున్నది డీటీపీ సెంటర్. టీ ఒలికిన కీబోర్డులు, కరెంటు హెచ్చుతగ్గులకు కాలిన ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలు) చాలానే చూశాను. వాడినవాడి తప్పు వాడినవాడిదే. కానీ తప్పు తయారీలో ఉందా, వాడకంలో ఉందా అన్నది తేల్చే ఆధారం మొత్తం ఒకవైపే ఉంది. ఒకే మోడల్ ఒకే జబ్బుతో ఎన్ని తిరిగొచ్చాయో కంపెనీకే తెలుసు. మనకు తెలిసేది మన ఒక్కదాని సంగతే.

కంపెనీలు ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. యాపిల్ లాప్‌టాప్‌లైన మ్యాక్‌బుక్‌లలో ‘బటర్‌ఫ్లై’ రకం పల్చని కీబోర్డులు మొరాయిస్తుంటే, 2018 జూన్‌లో యాపిల్ కొన్న తేదీ నుంచి నాలుగేళ్ల దాకా ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది. వారంటీ దాటిందా లేదా అని చూడలేదు. అయితే అప్పటికే ఫిర్యాదులు మిన్నంటాయి, కోర్టుల్లో దావాలూ పడ్డాయి. మన ఊళ్లో 52 వేల లాప్‌టాప్ కొన్నవాడికి అంత గొంతు ఎక్కడిది?

కన్స్యూమర్ కోర్టు ఉంది కదా అంటారు. ఉంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం చాలా సులువు కూడా చేసింది. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ముందుగా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. వస్తువులో లోపం ఉందని మామూలుగా తేలకపోతే కమిషన్ (కన్స్యూమర్ కోర్టే) దాన్ని ల్యాబ్‌కు పంపాలి, 45 రోజుల్లో నివేదిక రావాలి, పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. అప్పటిదాకా ఆ లాప్‌టాప్‌ను ముట్టుకోకుండా ఉంచాలి. పరీక్షలు నెత్తిమీదున్న పిల్లకు ఆ మాట చెప్పి చూడండి. నేను బాగుచేయించేశాను. ఇక బయట విప్పించారన్న ఒక్క మాటతో కంపెనీ వకీలు చేతులు దులుపుకుంటాడు.

కేంద్రం 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది, వస్తువుల మరమ్మతు సమాచారం కొన్నవాళ్లకు దొరికేలా. మంచిదే. కానీ నేను అడిగేది అంతకన్నా చిన్నది. వారంటీలో ఉన్నా లేకపోయినా, జాబ్ షీటు మీద ఏ భాగం పోయిందో, నీరు పడడం, కాలడం, దెబ్బ తగలడం లాంటి గుర్తులున్నాయో లేవో రాసి, ఫొటో జతచేసి సంతకంతో ఇవ్వాలని నిబంధన పెట్టాలి. డబ్బు తీసుకుని బోర్డు మారిస్తే పాతది మన చేతికివ్వాలి. స్కూటర్ మెకానిక్ కూడా మార్చిన క్లచ్ ప్లేటు చూపిస్తాడు.

ఇంకొకటి, వారంటీలో ఉండగా ఇచ్చిన ఫిర్యాదే వారంటీ తర్వాత మళ్లీ తలెత్తితే దాన్ని పాత ఫిర్యాదు కొనసాగింపుగానే లెక్కించాలి. ‘సమస్య కనిపించలేదు’ అని రాసి గడువు దాటించడం మరమ్మతు ఎలా అవుతుంది? తోటి పాఠకులకు ఒక మాట: ఆ వాక్యమున్న జాబ్ షీటును చించేయకండి. ఫిర్యాదు మనం చెప్పిన మాటల్లోనే, తేదీతో రాయించుకోండి. నా రెండు షీట్లూ ఉన్నాయి. సీటీసీ కుర్రాడు ఊడదీసిన ఐసీ కూడా గోరంత కవర్లో వేసి వాటికే పిన్ను కొట్టి పెట్టాను. అది ఏ కమిషన్ ముందైనా నిలుస్తుందో లేదో గానీ, సంక్రాంతి సెలవుల తర్వాత కేసైతే వేస్తున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
హనుమకొండ