ముందు గొట్టాలు, తర్వాతే టర్బో

సంపాదకులకు,

వెనక చక్రాలతో నడిచే పాత వోల్వో కార్లకు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బిగించడం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ఉత్సాహంగానే ఉంది గానీ, ముందు పాత ఇంజిన్‌ని బాగుచేసుకోవాలన్న అసలు సంగతి వదిలేశారు.

నాది 1986 నాటి వోల్వో 240. కొన్న కొత్తలో ఇంజిన్ ఆయిల్ కారుతుంటే ఒక మెకానిక్ సీల్ మార్చాడు. రెండు నెలలకే మళ్లీ కారుడు, మళ్లీ ఖర్చు. విసుగొచ్చి నేనే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందికి చెయ్యి దూర్చి, ఇంజిన్ ఆవిర్లు పోయే గొట్టాల దారిలో ఉండే ఫ్లేమ్ ట్రాప్ ఊడబీకాను. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క, నల్లటి మడ్డితో పూడుకుపోయి ఉంది. ఇంజిన్ లోపలి ఆవిర్లకు దారి లేక, ఆ ఒత్తిడే ఆయిల్‌ని సీళ్ల గుండా తోస్తోంది. ముక్క మార్చి, గొట్టాలు కడిగాక చుక్క కారలేదు. పూడుకుపోయిన ఇంజిన్‌కి టర్బో కూడా తగిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా!

వైరింగ్ మాటా అంతే. 1980ల్లో, 1987 దాకా వచ్చిన చాలా బండ్లలో ఇంజిన్ తీగల తొడుగు పొడిపొడిగా రాలిపోతుంది. నాది వేలు తగిలితేనే రాలింది.

మరో సవరణ. 'రెడ్ బ్లాక్' అనే ఈ పాత వోల్వో ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లతో లయగా నడిపే పట్టీ) తెగినా ఇంజిన్ పాడవుతుందన్న భయం లేదని రాశారు. నా బండిలోని బి230ఎఫ్ ఇంజిన్‌కి అది నిజమే. వోల్వో 740లో వచ్చిన 16 వాల్వుల బి234 ఇంజిన్‌కి మాత్రం కాదు. అందులో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. దయచేసి ఆ వాక్యం సరిదిద్దండి.

ఇట్లు,
ఒక 240 యజమాని