బందరు ప్లాను బందరులోనే తేల్చండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కోనేరు సెంటర్లో నలుగురు కలిస్తే ఒకటే వాదన: పోర్టు వస్తే బందరు ఏమవుతుంది? పిల్లలు పని కోసం విజయవాడ బస్సెక్కే బాధ తప్పుతుందని కొందరి ఆశ. 2016లో వేల ఎకరాల భూసమీకరణ అన్నప్పటి టెన్షన్ చుట్టుపక్కల రైతులకు ఇంకా తీరలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

2008లో ఒక శంకుస్థాపన, 2019లో మరొకటి, 2023 మేలో ఇంకొకటి చూశాం. ఇన్నేళ్లకు పనులు సాగుతున్నందుకు సంతోషమే. నా బెంగల్లా పోర్టు వెనక ఉన్న ఊరి గురించి.

1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ స్థావరం పెట్టుకున్నది ఈ ప్రాంతపు బట్ట కోసం. రేవు లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకు పడవల మీద వెళ్లేది. అంత అవస్థ పడి మరీ వచ్చారంటే, మన నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు ఉన్నారనే కదా! 1864 తుఫానులో సుమారు 30 వేల మంది పోయారు. రేవుకు పాత వైభవం మళ్లీ రాలేదు. పెడన కలంకారీ, చిలకలపూడి నగలు మాత్రం ఇప్పటికీ ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి.

పోర్టు చుట్టూ మాస్టర్ ప్లాను ఎలా మార్చినా ఈ పనివాళ్లకు అందులో చోటుండాలి. కలంకారీ బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, అచ్చులతో అద్ది, పారే కాలువ నీటిలో ఉతకాలి. ఆ కాలువలో మురుగు కలిసినా, గట్లు గోదాములకు పోయినా అద్దకం ఆగిపోతుంది. మ్యాపులో అది సన్నటి నీలి గీత, అంతే. అక్కడ ఉతికే మనిషి ఎదురుగా ఉంటే తప్ప గీసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

అందుకే అడుగుతున్నాను. ఏ సర్వే నంబరు ఏ జోన్‌లోకి వెళ్తుందో తెలుగులో మ్యాపు వేసి ప్రతి వార్డులో, ప్రతి పంచాయతీలో అంటించండి. సభలు ఇక్కడే, పనివాళ్లకు వీలయ్యే సాయంత్రం పూట పెట్టించండి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వండి. అరుపులుంటాయి, ఓపిక పట్టండి. మొదటి సభకు మీరే రావాలని, మొదటి ఓడ రాకముందే ఆ తేదీ ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
బందరు పౌరుడు