వీల్‌చైర్ తిరిగే బాత్రూంకు డబ్బివ్వండి: దివ్యాంగుల సాధికారత శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

హనుమకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో దివ్యాంగుల ఇళ్లకు ర్యాంపులు, బాత్రూంలు కట్టే మేస్త్రీలం, వాళ్లకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టులం, ఆ కుటుంబాల వాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. వీల్‌చైర్‌లో బతికే మనిషి ఇంటికి, ఆ ఇంటి గోడకు ఆనుకొని, ఇంటి గచ్చుతో సమానంగా ఒక బాత్రూం గది అదనంగా కట్టుకోవడానికి దివ్యాంగుల సంక్షేమ నిధుల నుంచి డబ్బివ్వండి. పెరట్లో విడిగా కట్టే మరుగుదొడ్డికి కాదు, ఇంట్లోంచి నేరుగా పోయే గదికి.

దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం ఏడిప్ కింద వీల్‌చైర్ వస్తున్నది. పింఛను 2023లో 3,016 నుంచి 4,016 అయింది. ఈ రెండూ అవసరమే. కానీ వచ్చిన కుర్చీ ఇంట్లో ఎక్కడిదాకా పోతుందో చూసే పథకం లేదు. మంచం కాడ నుంచి వెనక దర్వాజ దాకా పోయి గడప దగ్గర ఆగిపోతుంది. గడప అవతల స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయలతో కట్టిన మరుగుదొడ్డి ఉంటుంది. దాదాపు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గుంతకు పైపు వాలు రావాలని బేస్‌మెంట్ లేపుతారు కాబట్టి ముందు రెండు మూడు మెట్లు. తలుపు రెండున్నర అడుగులు. లోపల గొంతుక్కూర్చునే బేసిన్. నడవగలిగే వాళ్లకు అది మంచి మరుగుదొడ్డే. కుర్చీలో ఉన్న మనిషికి మాత్రం గడప, మెట్లు, తలుపు, బేసిన్, నాలుగూ అడ్డమే. అందుకే ఇద్దరు మనుషులు చేతుల మీద ఎత్తుకుపోతారు. ఎత్తే మనిషి కూలికి పోయిన రోజు మంచం మీదే. ఆడవాళ్లయితే పగలు నీళ్లు తాగడం మానేస్తారు. వెన్నుపూస దెబ్బతిన్న వాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్, పిరుదుల మీద పుండ్లు మళ్లీ మళ్లీ రావడానికి నీళ్లు తక్కువ తాగడం, తడి బట్టల మీద గంటల తరబడి ఉండటం పెద్ద కారణాలు.

ర్యాంపు కడితే సరిపోదా అని అధికారులు అడుగుతుంటారు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. ఇంటి బేస్‌మెంట్ రెండడుగులుంటే 24 అడుగులు దిగాలి, మరుగుదొడ్డి బేస్‌మెంట్ అడుగున్నర ఉంటే మళ్లీ 18 అడుగులు ఎక్కాలి, మలుపు వస్తే అక్కడ ఐదడుగుల చదును. అంత పెరడు ఎవరికుంది? స్థలం లేదని ఆరడుగుల్లో దించేస్తే అది జారుడుబండ. గదిని ఇంటికే అతికిస్తే ఈ దిగడం, ఎక్కడం రెండూ ఉండవు. వాన పడినా, రాత్రయినా మనిషి తనంతట తాను పోయి వస్తాడు.

మేం కట్టే గది లోపలి కొలత ఏడడుగులు, ఎనిమిది అడుగులు. కుర్చీ ఒక్క చోట పూర్తిగా తిరగాలంటే ఐదడుగుల ఖాళీ చుట్టు కావాలి, కమోడ్ పక్కన కుర్చీ ఆనించడానికి మూడడుగులు కావాలి, అందుకే ఆ కొలత. ఒక గోడ ఇంటిదే కనుక కొత్తగా లేపేవి మూడే గోడలు. ఎనిమిది అడుగుల ఎత్తుకు ఆరంగుళాల మందం సిమెంటు ఇటుకలు దాదాపు 225 పడతాయి.

దర్వాజ దగ్గరే చాలామంది తప్పుతారు. మామూలు వీల్‌చైర్ 24 నుంచి 26 అంగుళాల వెడల్పు, దానికి రెండు వైపులా చేతులు ఆడాలి. మూడడుగుల దర్వాజ పెట్టించామని ఇంటివాళ్లు అనుకుంటారు. కానీ చౌకట్టు మందం, తలుపు మందం పోగా అందులో మిగిలేది 30 అంగుళాల లోపే, వేళ్లు గీసుకుపోతాయి. చౌకట్టు బయటి కొలత మూడున్నర అడుగులు ఉంటే 35 అంగుళాల పైచిలుకు దారి దొరుకుతుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి జారి దానికి అడ్డంగా పడితే బయటి నుంచి తెరవలేం.

కమోడ్ ఎత్తు సంగతి. దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా 15, 16 అంగుళాలు. కుర్చీ సీటు 18, 19. దిగడం సులువు, తిరిగి కుర్చీలోకి ఎక్కడం కష్టం. అందుకే కమోడ్ కింద దాని అడుగు మేరకే మూడంగుళాల కాంక్రీటు దిమ్మె పోస్తాం. దిమ్మె వెడల్పు ఎక్కువైతే కుర్చీ పాదాల పలక దానికి తగిలి దగ్గరికి రాదు. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు 18 అంగుళాలు. ఏ పక్క గోడకు అనేది మాత్రం మనిషిని చూసి తేల్చాలి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోతే కూర్చున్నప్పుడు కుడి వైపు గోడ, గోడకు కడ్డీ ఉండాలి. నమూనా ప్లాన్ చూసి ఎడమ వైపు బిగించారంటే, పనిచేయని చేతికి కడ్డీ ఇచ్చినట్టే. కొలతలకు ముందు ఫిజియోథెరపిస్టు ఇంటికి రావాలని పట్టుబట్టేది ఇందుకే.

ఆ కడ్డీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ప్రాణం పోయేది అక్కడే కాబట్టి. తువ్వాలు ఆరేసే రాడ్డు బిగించి కడ్డీ పెట్టామని బిల్లు రాస్తారు. మనిషి బరువంతా ఒక్క చేతి మీద పడే చోటు అది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళాల లావు, నేల నుంచి 28 అంగుళాల ఎత్తున, గోడకు ఒకటిన్నర అంగుళాల నుంచి రెండంగుళాల సందుతో ఉండాలి. సందు అంతకంటే పెరిగితే చెయ్యి జారి మోచేయి ఇరుక్కుంటుంది. బోలు ఇటుక గోడకు ప్లాస్టిక్ ప్లగ్గు వేసి స్క్రూ బిగిస్తే కొన్ని నెలల్లోనే ఊడి చేతికొస్తుంది. గోడ లేచేటప్పుడే ఆ ఎత్తున ఆరంగుళాల కాంక్రీటు పట్టీ పోసి, అందులోకి యాంకర్ బోల్టులు దించాలి. టైల్స్ వేశాక గుర్తొస్తే ఏం చేయలేం.

నీటి వాలు ఇంకో తకరారు. బాత్రూం అనగానే మేస్త్రీలు రెండంగుళాలు పల్లం పెట్టి గడప కడతారు. అరంగుళం దాటిన గడప దగ్గర కుర్చీ ముందు చిన్న చక్రాలు ఆగిపోతాయి, మనిషి ముందుకు తూలుతాడు. గడప వద్దు. దర్వాజ వెంట జాలీతో సన్నని కాలువ, అక్కడి నుంచి మూలకు ఎనిమిది అడుగులకు ఒక అంగుళం వాలు చాలు. నున్నటి టైల్స్, పాలిష్ పెట్టిన గ్రానైట్ నేలకు పనికిరావు. గరుకు టైల్ లేదా పాలిష్ లేని తాండూరు బండ వేయాలి. స్నానానికి 18 అంగుళాల ఎత్తు గద్దె కడతాం. వెన్నుపూస దెబ్బ ఉన్నవాళ్లకు దాని మీద మెత్త తప్పనిసరి, స్పర్శ ఉండదు కనుక రాయి ఒత్తుకున్నా వాళ్లకు తెలియదు. వేడి నీళ్లు కాలినా తెలియదు. బకెట్లో హీటర్ రాడ్డు పెట్టే పద్ధతి ఆ ఇంట్లో ఉండకూడదు.

పాత ఇంటికి కొత్త గది అతికించడంలో మన నేల కూడా పరీక్ష పెడుతుంది. పరకాల వైపు నల్లరేగడి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం పగులుతుంది. మొరం తగిలేదాకా పునాది తవ్వకపోతే కొత్త గది కిందికి దిగి, రెండు గచ్చుల మధ్య అంగుళం మెట్టు లేస్తుంది. నడిచే మనిషి దాన్ని గమనించడు, కుర్చీ మనిషికి బాత్రూం మూతపడ్డట్టే. అదే నల్లరేగడిలో మరుగుదొడ్డి గుంతలు నీళ్లు పీల్చవు, వానాకాలం వెనక్కి తన్నుతాయి. హనుమకొండ చుట్టుపక్కల నాలుగడుగుల్లోనే బండ తగిలే చోట్లున్నాయి, అక్కడ లోతు తగ్గించి గుంత వెడల్పు పెంచాలి. మట్టిగోడల పెంకుటిల్లయితే దర్వాజ కొట్టే ముందు దూలానికి పోటు పెట్టాలి, పైన వేసే లింటెల్ రెండు వైపులా తొమ్మిదేసి అంగుళాలు గోడ మీద కూర్చోవాలి. కొత్త గోడను పాత మట్టిగోడలో కలిపి కట్టకూడదు. అరంగుళం సందు వదిలి నింపితే రెండూ వేటికవి కుదురుకుంటాయి. కొత్త కప్పు చూరు కిందికి ఉండాలి, లేకుంటే చూరు నీళ్లన్నీ అతుకులోకే. మిషన్ భగీరథ నీళ్లు వచ్చే వేళకు పట్టుకోవడానికి 500 లీటర్ల ట్యాంకు కూడా అంచనాలో కలపండి, నీళ్లు లేని ఫ్లష్ ట్యాంకు ఎందుకూ పనికిరాదు.

ఇదంతా ఇవాళ్టి ధరల్లో, మా అనుభవంలో, గుంతలతో సహా ఒకటిన్నర నుంచి రెండు లక్షల మధ్య తేలుతుంది. 4,016 పింఛను మీద బతికే ఇల్లు అంత పెట్టలేదు.

డబ్బుకు దారి చట్టంలోనే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, దివ్యాంగులకు ఇచ్చే సాయం ఇతరులకు ఇచ్చే అలాంటి పథకాల సాయం కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలంటుంది. పల్లెల్లో, బస్తీల్లో దివ్యాంగులు వాడగలిగే పారిశుధ్య సౌకర్యాల గురించీ అదే సెక్షన్ చెబుతుంది. 37వ సెక్షన్ గృహ పథకాల్లో 5 శాతం కేటాయించమంటుంది. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలిస్తున్నారు. దానికి 25 శాతం అంటే 1,25,000. వీల్‌చైర్ లబ్ధిదారుకు ఆ మొత్తం బాత్రూం కోసం కలిపిస్తే, ఇల్లు కట్టేటప్పుడే అయ్యే ఖర్చులో ఎక్కువ భాగానికి సరిపోతుంది. కట్టాక పగలగొట్టి మార్చేదానికంటే ఖర్చూ తక్కువే. ఆ పథకం విస్తీర్ణ పరిమితిలో చోటు చాలదంటే, వీళ్లకు ఆ మేరకు విస్తీర్ణం పెంచుకోనివ్వండి. పాత ఇల్లు ఉన్నవాళ్లకు మాత్రం మీ శాఖ నుంచే విడి గ్రాంటు కావాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో ఇలాంటి పనులకు 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఉంది, దరఖాస్తుపై స్థానిక సంస్థ ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలి. అమెరికాలో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ కింద ఇళ్ల మార్పులకు డబ్బిచ్చే కార్యక్రమాల్లో, ఇంటి విస్తీర్ణం పెంచే పనులకు సాధారణంగా ఇవ్వరు. అయినా వీల్‌చైర్‌కు తగ్గట్టు బాత్రూం అమర్చాల్సి వస్తే అక్కడి కేంద్ర మార్గదర్శకాలు మినహాయింపు ఇస్తాయి. గది పెంచకుండా పని కాదని వాళ్లకూ తెలిసింది.

అమలులో మా అభ్యర్థనలు కొన్ని. సదరం వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఉన్నవాళ్లను మళ్లీ శిబిరాలకు తిప్పొద్దు. గ్రామకంఠంలో ఇళ్లకు పట్టాలుండవు, ఇంటి నంబరు, పన్ను రసీదు చాలనండి. ఇల్లు తండ్రి పేరునో అన్న పేరునో ఉంటే వాళ్ల సమ్మతి పత్రం తీసుకోండి. వరంగల్‌లో గిర్మాజీపేట, మట్టెవాడ లాంటి చోట్ల ఇరుకు గల్లీల్లో పెరడే ఉండదు, అక్కడ వరండానో గది మూలనో మార్చుకోవడానికీ ఈ డబ్బు వర్తించాలి. కిరాయి ఇళ్ల వాళ్లకు కమోడ్ కుర్చీ, మడత ర్యాంపు ఇవ్వండి. ఇక బిల్లు. ఇందిరమ్మ ఇళ్లలో లాగా దశ అయ్యాక డబ్బంటే ఇక్కడ కుదరదు, గది పని మొత్తం మూడు వారాలే. అంచనా మంజూరు కాగానే 60 శాతం, మిగతాది తనిఖీ తర్వాత ఇవ్వండి. తనిఖీ అంటే తలుపు ముందు లబ్ధిదారును కూర్చోబెట్టి ఫొటో తీయడం కాదు. దర్వాజకు అడ్డంగా టేపు పెట్టి ఒక ఫొటో, కడ్డీకి పెద్దమనిషి వేలాడి ఒక పరీక్ష, ఆ ఇంటి కుర్చీ లోపలికి పోయి తిరిగి ముందుకే బయటికి వచ్చే వీడియో.

నిధుల ఫైలు కదలడానికి సమయం పడుతుందని మాకు తెలుసు. ఈలోగా ఇళ్ల లబ్ధిదారుల సర్వే ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చడానికి రూపాయి ఖర్చు కాదు: ఇంట్లో వీల్‌చైర్ వాడేవాళ్లున్నారా? దాని వెడల్పు ఎన్ని అంగుళాలు? వాళ్లకు ఏ చెయ్యి బాగా పనిచేస్తుంది?

ఇట్లు,
ఓరుగల్లు ప్రాంతపు మేస్త్రీలు, ఫిజియోథెరపిస్టులు, దివ్యాంగుల కుటుంబాలు

ప్రతులు: గృహ నిర్మాణ శాఖ, పంచాయతీరాజ్ శాఖ మంత్రులకు, పై జిల్లాల కలెక్టర్లకు