తోటి రోగి తోడును చికిత్సలో భాగం చేయాలి

సంపాదకులకు,

అయ్యా,

నోటి క్యాన్సర్‌కు వాడే టార్గెటెడ్ థెరపీ గురించి మీ పత్రిక ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. క్యాన్సర్ కణాన్ని గురిచూసి కొట్టే మందు కాబట్టి కీమోకు ఉన్నన్ని బాధలు దీనికి ఉండవని, జుట్టు పెద్దగా రాలదని, వాంతులు తక్కువని అందులో రాశారు. రాసినంతవరకు నిజమే. అయితే సెటుక్సిమాబ్ అనే మందును రేడియేషన్‌తో కలిపి తీసుకుని చికిత్స ముగించుకున్న రోగిగా, ఆ తరువాత అదే మందు మొదలుపెట్టేవారితో మాట్లాడుతూ వస్తున్న మనిషిగా, ఆ వ్యాసం వదిలేసిన సంగతుల గురించి, వాటిని తట్టుకోవడంలో రోగికి రోగే ఎలా ఆసరా అవుతాడన్న దాని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఈ ఆసరాను రోగుల మంచితనానికి వదిలేయకుండా ఆస్పత్రులే చికిత్సలో భాగంగా, ఒక పద్ధతి ప్రకారం ఏర్పాటు చేయాలన్నది నా విన్నపం.

ఈ మందు పనిచేసే తీరులోనే దాని బాధలకూ మూలం ఉంది. నోటి క్యాన్సర్లలో అత్యధికం స్క్వామస్ కణాల (నోటి లోపలి పొరను కప్పి ఉండే చదునైన కణాల) రకానికి చెందినవి. ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం ఆ కణాల పైపొర మీద మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. ఎదగమని, విభజన చెందమని కణానికి అందే కబురు దాని ద్వారా లోపలికి వెళుతుంది. సెటుక్సిమాబ్ ఆ గ్రాహకాన్ని పట్టుకుని కబురు చేరకుండా అడ్డుపడుతుంది. చిక్కేమిటంటే అదే గ్రాహకం చర్మంలో, వెంట్రుకల కుదుళ్లలో, గోళ్ల చుట్టూ, మూత్రపిండాలు మెగ్నీషియంను తిరిగి రక్తంలోకి తీసుకునే చోట కూడా తన పని తాను చేసుకుంటూ ఉంటుంది కనుక, గురి క్యాన్సర్ మీదే అయినా దెబ్బ వీటన్నిటికీ తగులుతుంది. ఈ గ్రాహకానికి కబురు మోసుకొచ్చే పదార్థాన్ని కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి లభించింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఆ పదార్థం ఇస్తే వాటి కళ్లు ముందుగా తెరుచుకోవడం, పళ్లు ముందుగా రావడం ఆయన గమనించారు. ఆ దారి మూతపడ్డ నాకేమో కనురెప్పల వెంట్రుకలు పొడవుగా, వంకరగా పెరిగి కంట్లో గుచ్చుకునేవి. ఇలాంటిది జరగవచ్చని నాకిచ్చిన ఏ కాగితం మీదా రాసి లేదు గానీ, పక్క కుర్చీలో కూర్చుని అదే మందు ఎక్కించుకుంటున్న పెద్దాయన మాత్రం చూసీ చూడగానే చెప్పాడు.

అన్నిటికంటే ముందు కనిపించేది మొహం మీద. మందు మొదలైన రెండు వారాల్లోపే సాధారణంగా మొహం, తల, ఛాతీ, వీపు పైభాగం మీద మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. చూడటానికి మొటిమలే అయినా ఇవి మొటిమలు కావు. మొటిమలకని అమ్మే క్రీములు చర్మాన్ని ఎండబెట్టి వీటిని ఇంకా రేపుతాయి. వాడవలసింది తేమనిచ్చే క్రీము, ఎండ తగలకుండా సన్‌స్క్రీన్, డాక్టర్ రాస్తే తక్కువ మోతాదు స్టెరాయిడ్ పూత, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మాత్ర. ఇదే కోవకు చెందిన మరో మందు మీద 2010లో వెలువడిన పరిశోధనలో, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా మొదటి డోసుకు ముందే ఇవన్నీ మొదలుపెట్టినవారిలో మోస్తరు నుంచి తీవ్రమైన చర్మ బాధలు సగానికి పైగా తగ్గాయి. డాక్టర్లు ఈ పొక్కులను గ్రేడులుగా లెక్కవేస్తారు. వారి పట్టికలో గ్రేడ్ 2 అంటే ఓ మోస్తరు బాధ. శస్త్రచికిత్సతో ఇప్పటికే దవడ ఒక పక్కకు లాగేసి, మాట ముద్దగా వస్తున్న మనిషికి ఆ మొహం మీదే చీము పొక్కులు కూడా లేస్తే అది ఓ మోస్తరు బాధ కాదు. చాలామంది గడప దాటడం మానేస్తారు, కొందరు తరువాతి డోసుకే రారు. అలా ఆగిపోబోయిన మనిషిని మళ్లీ ఆస్పత్రికి రప్పించేది, అనుభవంలో నేను చూసినంతవరకు, వైద్యుడి నచ్చజెప్పడం కంటే ఎక్కువగా, అవే పొక్కులు పడి ఇప్పుడు నున్నటి మొహంతో ఎదురుగా కూర్చున్న మరో రోగి.

కొన్ని వారాలు గడిచాక గోరుచుట్లు, వేళ్ల కొసల్లో పగుళ్లు మొదలవుతాయి. ఇవి ప్రాణం మీదికి తెచ్చేవి కావు కాబట్టి డాక్టర్‌తో గడిపే కాసేపట్లో వీటి ప్రస్తావనే రాదు. డే కేర్ వార్డులో ఒకసారి ఒక కుర్రవాడు చొక్కా గుండీలు పెట్టుకోలేక చేతులు వెనక్కి తీసుకుంటుంటే, ఎదుటి మంచం మీది పెద్దావిడ అతన్ని దగ్గరకు పిలిచి తన వేళ్లు చాపి చూపించింది. రాత్రి పడుకునే ముందు వ్యాజలీన్ దట్టంగా రాసి పల్చటి నూలు గ్లౌజులు తొడుక్కోవాలని, మాత్రల అట్టను గోటితో నొక్కకుండా కత్తెరతో కత్తిరించుకోవాలని, గుండీల చొక్కాలు కొన్నాళ్లు పక్కన పెట్టమని చెప్పింది. "గోరు పక్కన చీము పడితే మాత్రం నా మాట వినొద్దు బాబూ, సిస్టర్‌కి చూపించు" అని కూడా అంది. తోటి రోగి చెప్పగలిగింది ఏమిటో, చెప్పకూడనిది ఏమిటో ఆ ఒక్క సలహాలోనే ఉన్నాయి.

నోటి క్యాన్సర్ రోగుల తోడ్పాటుకు చాలా క్యాన్సర్లలో ఇంతగా ఎదురుకాని ఇబ్బంది ఒకటి ఉంది. మనసు విప్పి మాట్లాడుకోండి అనడం తేలిక. నాలుకలో కొంత తీసేసినవారికి, దవడ బిగుసుకుపోయినవారికి, గొంతు దగ్గర శ్వాస గొట్టం ఉన్నవారికి మాట్లాడటమే కష్టం. ఫోన్ చేస్తే అవతలివారికి అర్థం కాదు, రెండోసారి చెప్పమంటే సిగ్గు, మూడోసారికి ఫోన్ పెట్టేస్తారు. అందుకే మేము ఎక్కువగా రాసుకుంటాం. ఎదురెదురుగా కూర్చున్నా పలకో, ఫోనో చేతిలో ఉంటుంది, ఒకరు రాసేదాకా మిగతావారు ఓపిక పడతారు. అయితే ఇంట్లోవారికి సగమే అర్థమయ్యే ముద్ద మాట మరో నోటి క్యాన్సర్ రోగికి చాలాసార్లు పూర్తిగా అర్థమవుతుంది. ఈ మందు మొదటి డోసు రెండు గంటలపాటు, ఆ తరువాత వారం వారం గంటపాటు ఎక్కిస్తారు. చలి, ఆయాసం, గొంతు మారడం, రక్తపోటు పడిపోవడం వంటి తీవ్రమైన రియాక్షన్లలో అత్యధికం మొదటి డోసుతోనే వస్తాయి. ఆ క్షణంలో నర్సును కేకవేయలేని మనిషి ఏం చేయాలి? మాలో ఒకాయన కొత్తవారికి చెప్పే మొదటి మాట ఇదే: సూది పెట్టకముందే చేతిలో పిలుపు గంట పెట్టమని అడగండి, ఇవ్వకపోతే స్టీలు గ్లాసు, చెంచా దగ్గర పెట్టుకోండి. పెద్ద చదువు చదివినవారికి తట్టకపోవచ్చు గానీ ఆ స్థితిలో పడుకున్నవారికి తడుతుంది.

ఇంతవరకు మేలు గురించి చెప్పాను. రోగుల మధ్య తిరిగే మాటల వల్ల జరిగే కీడు కూడా తక్కువేమీ కాదు, దాన్ని దాచిపెట్టి ఈ ఉత్తరం రాయడం సరికాదు.

"పొక్కులు వచ్చాయంటే మందు పనిచేస్తున్నట్లే" అన్న మాట ప్రతి వార్డులోనూ వినిపిస్తుంది. దీనికి ఆధారం లేకపోలేదు. రేడియేషన్‌తో పాటు సెటుక్సిమాబ్ తీసుకున్నవారిని అయిదేళ్లపాటు గమనించి 2010లో ప్రకటించిన ఫలితాల్లో, పొక్కులు ఎక్కువగా వచ్చినవారు బాగా తక్కువగా వచ్చినవారి కంటే ఎక్కువ కాలం బతికారని తేలింది. కానీ అది ఒక గుంపును మరో గుంపుతో పోల్చి చూసిన లెక్క. పైగా గొంతు, స్వరపేటిక ప్రాంతాల క్యాన్సర్ ఉన్నవారి మీద జరిగిన పరిశోధన, అందులో నోటి క్యాన్సర్ రోగులు లేరు. మొహం పాడైపోయిందని కుమిలిపోతున్నవారికి ఆ మాట ఊరట. పక్కనే నున్నటి మొహంతో కూర్చున్నవారికి మాత్రం అది పుండు మీద కారం చల్లినట్లుంటుంది. తమ ఒంట్లో మందు పనిచేయడం లేదని, ఆ సంగతి అందరికీ మొహం మీదే కనిపిస్తోందని వారు రాత్రులు నిద్ర పోరు. మరికొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, పొక్కులు తగ్గితే మందు బలం తగ్గుతుందేమోనని క్రీములు రాయడం మానేస్తారు. పొక్కులకు చికిత్స చేసినంత మాత్రాన క్యాన్సర్ మందు పని తగ్గిపోదు, పొక్కులు రానంత మాత్రాన ఏ ఒక్కరి భవిష్యత్తూ తేలిపోదు.

రెండో ప్రమాదం మందుల పేర్లు కలగాపులగం కావడం. 2016 నుంచి తల, మెడ క్యాన్సర్లకు పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు కూడా వాడుకలోకి వచ్చాయి. రోగుల నోట అన్నీ కొత్త ఇంజెక్షన్లే, అన్నిటి పేర్ల చివరా మాబ్ అనే ఉంటుంది. కానీ అవి శరీర రక్షణ వ్యవస్థను ఉసిగొల్పే మందులు. అక్కడ విరేచనాలైనా, ఆయాసమైనా, దద్దుర్లైనా ఆ వ్యవస్థ పేగుల మీదికో, ఊపిరితిత్తుల మీదికో, చర్మం మీదికో తిరగబడిందనడానికి గుర్తు కావచ్చు కనుక వెంటనే ఆస్పత్రికి చెప్పి తీరాలి. సెటుక్సిమాబ్ వాడిన మనిషి మంచి మనసుతోనే "నాకూ ఇలాగే వచ్చి తగ్గిపోయింది, భయపడకు అన్నా" అంటే అవతలివాడు విలువైన రోజులు పోగొట్టుకుంటాడు. అందువల్ల ఎవరు ఎవరికి సలహా చెప్పబోయినా, అంతకు ముందు ఇద్దరూ కేస్ షీటులో తమ మందు పేరు చూసుకోవాలి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు, స్టెరాయిడ్ ట్యూబులు చేతులు మారకూడదు. పిక్కలు పట్టేస్తున్నాయన్నా, ఒంట్లో సత్తువ లేదన్నా అలసట అని సర్దిచెప్పకుండా మెగ్నీషియం పరీక్ష ఎప్పుడు చేయించారని అడగాలి. మందు ఆపిన తరువాత కూడా రెండు నెలల దాకా ఆ పరీక్ష అవసరమే.

బతికే కాలం గురించిన అంకెలు ఇంకా సున్నితమైనవి. వ్యాధి తిరగబెట్టినవారిలో, పాకినవారిలో కీమోకు సెటుక్సిమాబ్ జోడిస్తే మధ్యస్థ ఆయుష్షు 7.4 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగిందని 442 మందితో జరిపి 2008లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. ఈ అంకె ఏ రోగి ఫోన్‌లోనైనా క్షణంలో దొరుకుతుంది. మధ్యస్థం అంటే సగం మంది అంతకు మించి బతికారని, అది ఎవరి నుదుటి మీదా రాసిన గడువు కాదని చెప్పేవారు దొరకడమే కష్టం. ఈ మాట వైద్యుడు చెప్పవలసింది, అదీ రోగి తెలుసుకోవాలని కోరినప్పుడు. తోటి రోగి అంకెల జోలికి పోకపోవడమే మేలు.

పొగాకు గురించి ఒక మాట. నోటి క్యాన్సర్ అనగానే చుట్టాలూ పక్కాలూ "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనే చూపు చూస్తారు. జీవితంలో ఎన్నడూ పొగాకు ముట్టనివారికీ ఈ జబ్బు వస్తుంది. ముట్టినవారు కూడా మందు పొందడానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. రోగుల కూటమిలో మొదటి ప్రశ్నగా అది రాకూడదు. అలవాటు ఇంకా వదలనివారు ఆ సంగతి ఇంట్లో చెప్పలేక తోటివారికే చెబుతారు, రేడియేషన్ సమయంలో పొగతాగితే చికిత్స ఫలితమే దెబ్బతింటుంది కనుక ఆ మాట చెప్పుకునే చోటు ఉండటం చాలా అవసరం.

ఇవన్నీ దృష్టిలో ఉంచుకుని ఆస్పత్రులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మొదటి డోసుకు ముందే, ఇద్దరి అంగీకారంతో, అదే మందు తీసుకున్న ఒక పాత రోగిని కొత్త రోగికి పరిచయం చేయాలి. ఆ పాత రోగికి ఏది చెప్పవచ్చో, ఏది నర్సుకే వదిలేయాలో ముందుగా నేర్పాలి. ఒక నర్సో, సోషల్ వర్కరో ఈ పనికి బాధ్యత వహించి రోగుల మాటలను వింటూ ఉండాలి. కూటమిలో ఎవరైనా చనిపోయినప్పుడు పేరు చప్పుడు చేయకుండా తీసేయడం కాకుండా, వారితో దగ్గరగా ఉన్నవారికి ముందుగా ఒక్కొక్కరికీ చెప్పాలి. ఈ పని ఎవరూ చేయకపోవడం వల్లనే చాలా కూటములు మౌనంగా చెదిరిపోతాయి. సేవ చేసే పాత రోగికి తన పరీక్షల సమయం దగ్గర పడితే కొన్నాళ్లు తప్పుకునే వీలు కూడా ఉండాలి, ఎందుకంటే అతనూ ఇంకా రోగే.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈ మందుల పొక్కుల గురించి వైద్య గ్రంథాల్లో, ఆస్పత్రి కరపత్రాల్లో కనిపించే ఫోటోలు ఎక్కువగా తెల్లని చర్మం మీద ఎర్రగా లేచినవి. చామనచాయ, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు అంతగా తెలియదు. ముదురు గోధుమ రంగు గుల్లలుగానో, నల్లని మచ్చలుగానో కనిపిస్తుంది కనుక రోగి ఇది వేరే ఏదో అనుకుని ఆలస్యం చేస్తాడు. ఆరోగ్య పుటలో మళ్లీ ఈ చికిత్స గురించి రాసేటప్పుడు, ఒప్పుకున్న రోగుల మొహం కనబడకుండా, అలాంటి చర్మం మీద మొదటి వారంలో, నాలుగో వారంలో, మందు ఆపిన కొన్ని నెలల తరువాత ఎలా ఉంటుందో చూపే ఫోటోలు మూడు పక్కపక్కన వేయగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
చికిత్స ముగించుకున్న ఒక పాఠకుడు