జూనిపర్ కుండీలు ఇక సంక్రాంతి తర్వాతే మారుస్తాం

కడియంలోని మా నర్సరీలో జూనిపర్ (ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఒక చెట్టు) బోన్సాయ్, అంటే కుండీలో పొట్టిగా పెంచిన మొక్క, కొన్నవారికి ఒక సంజాయిషీ ఇచ్చుకోవాలి. కిందటి మే నెలలో పెళ్లి కానుకలకని మంచి గిరాకీ వచ్చింది. ఆశపడ్డాం. పదకొండు మొక్కలకు ఒకే రోజు కొమ్మలు కత్తిరించి, వేళ్లు తగ్గించి, లోతు తక్కువ ట్రేలలోకి మార్చి అమ్మేశాం. ఇచ్చిన రోజు అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆరేడు వారాలకు ఫోన్లు మొదలయ్యాయి. రోజూ నీళ్లు పోస్తున్నా మాడిపోయిందని ఒకరు, ఎక్కువ పోశామేమోనని మరొకరు. తప్పు మీ నీళ్లది కాదు, మాది.

మందారమైతే వేరు దెబ్బతిన్న మర్నాడే ఆకులు వాల్చి చెబుతుంది. జూనిపర్ అలా కాదు. వేళ్లు చచ్చాక కూడా కొన్ని వారాలు పచ్చగానే నిలబడి మనల్ని నమ్మిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లం, ఆ ఎండలకు ముందు వేళ్లు కోశాం!

జపాన్‌లో ఈ పని సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో చేస్తారు. అక్కడ అది చలి వీడి చిగురు కదిలే వేళ. ఆ నెలలనే ఇక్కడ పట్టుకుంటే మొక్కను నేరుగా వేసవిలోకి నెట్టినట్టే. మన దగ్గర ఆ వేళ సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపల. ఇకపై ఆ రోజుల్లోనే కుండీలు మారుస్తాం. మిగతా నెలల్లో ఎంత ఇస్తామన్నా ఒప్పుకోం. లేత మొక్కకు రెండు మూడేళ్లకోసారి, ముదురు చెట్టుకు నాలుగైదేళ్లకోసారి చాలు. పోసిన నీరు ఇంకకుండా పైనే నిలుస్తుంటే వేళ్లు నిండాయని అనుమానించవచ్చు. వేళ్లలో మూడో వంతుకు మించి తీయం, పాత మట్టినంతా కడిగేయం. మార్చాక మూడు వారాలు నీడ, నెల దాకా ఎరువు లేదు.

కత్తిరింపు సంగతి వేరు. జూనిపర్ బలమంతా పచ్చదనంలోనే ఉంటుంది. వేళ్లు తీసిన మొక్కకు ఆ పచ్చదనమే ఆధారం. అందుకే పెద్ద కొమ్మలు తీయడం వానలు తగ్గాక, అక్టోబరు, నవంబరులలో పెట్టుకున్నాం. అప్పుడు గట్టిగా కత్తిరించిన చెట్టుకు వచ్చే సంక్రాంతికి కుండీ మార్చం, మరో ఏడాది ఆగుతాం. ఇంట్లో మీరు కత్తిరించుకుంటే కొమ్మ చివర కొంత పచ్చదనం తప్పక ఉంచండి. పూర్తిగా బోడి చేసిన కొమ్మ మళ్లీ చిగురించదు. గోళ్లతో చివర్లు గిల్లడం మానండి, అవి గోధుమరంగుకు తిరుగుతాయి. రెమ్మ పుట్టిన చోటికి కత్తెర పెట్టండి.

వేసవి పెళ్లిళ్లకు మర్రి, జువ్వి బోన్సాయ్‌లు ఉన్నాయి, ఎండను బాగా ఓర్చుకుంటాయి. జూనిపర్‌ను మాత్రం టీవీ పక్కన పెట్టేవారికి అమ్మం, దానికి ఆరుబయటే ఇల్లు.

ఆ పదకొండింటిలో ఒకటి మీ దగ్గర ఉంటే ఫోటో పంపండి. ఎండిపోయినా, కొనఊపిరితో ఉన్నా సరే, బదులు మొక్క ఇస్తాం. దాని కుండీ కూడా జనవరి చివరిలోనే మారుస్తాం, కొత్త ట్రేలో వేళ్లు కుదురుకోవాలి కనుక ఫిబ్రవరి నెలాఖరుకు చేతికిస్తాం.