స్లింగ్ కుదిరిందిరా!

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు మనసులో ఏమీ పెట్టుకోకు. ఇంట్లో అందరూ కులాసా, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పిల్లాడి పరీక్షలు అయిపోయాయి, ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. నా రైఫిల్‌కి స్లింగ్, అదే భుజాన తగిలించుకునే పట్టీ, కుదిరింది! నేనే బిగించాను, డ్రిల్లుతో సహా!

ఇంత సంబరం ఎందుకంటావేమో. పాత పట్టీతో నడవడం నువ్వు చూశావుగా. నాలుగడుగులు వేసేసరికి భుజం మీంచి జారిపోయేది, ఒక చెయ్యి ఎప్పుడూ దాన్ని పట్టుకునే ఉండాలి. నీలం సంచీ ప్రయాణం గుర్తుందా? అంతే, ఇంకేం చెప్పను.

సరే, ముందు ఏది కొనాలా అని తెగ ఆలోచించాను. నువ్వు రాసిన ఆ మెత్తటి నియోప్రీన్ (నురుగు రబ్బరు) స్లింగ్ ఒక స్నేహితుడి దగ్గర తీసుకుని చాలాసేపు నడిచి చూశాను. భుజానికి హాయిగానే ఉంటుంది, బరువు తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ అది సాగుతుందిరా. అడుగడుగునా రైఫిల్ పైకీ కిందికీ ఎగురుతూ ఉంటే నడక లయే చెడిపోతుంది. దయచేసి అది కొనకు. తోలు పట్టీ అందం దేనికీ రాదు, ఒప్పుకుంటాను, కానీ తడిస్తే సాగుతుంది, పైగా తోలుని ఇనుముకి ఆనించి బీరువాలో పెట్టేస్తే అక్కడ తుప్పు పట్టే ప్రమాదం ఉంది. ఉత్త నైలాన్ సాగదు, త్వరగా ఆరుతుంది, కానీ జాకెట్ మీద జారడంలో దాన్ని మించింది లేదు.

చివరికి నైలాన్‌దే తీసుకున్నాను, అయితే లోపలి వైపు రబ్బరు దారాలు కలిపి నేసినది. వెడల్పు 1.25 అంగుళాలు. ఇక్కడొక మాట: పట్టీని రైఫిల్‌కి తగిలించే స్వివెల్ కొక్కేలు 1 అంగుళానివి ఉంటాయి, 1.25 అంగుళాలవీ ఉంటాయి. పట్టీ వెడల్పు చూసి దానికి తగ్గవే తీసుకోవాలి, లేకపోతే పట్టీ మడతలు పడి అంచులు అరిగిపోతాయి.

మన గొడుగు మాస్టారైతే 1907 మోడల్ అమెరికన్ సైన్యం తోలు స్లింగే కావాలని పట్టుబట్టేవారు, ఆయన సంగతి నీకు తెలుసుగా! రెండు తోలు పట్టీలు, ఇత్తడి కొక్కేలు, చేతికి బిగించే ఉచ్చు... గురి పెట్టేటప్పుడు రైఫిల్ కదలకుండా పట్టి ఉంచడానికి అది అద్భుతం. కానీ నాకు కావలసింది మోసుకెళ్ళడానికి. నన్నడిగితే రెండు పనులూ ఒకే పట్టీతో చేయించాలనుకున్న చోటే సగం తిప్పలు మొదలవుతాయి.

ఇప్పుడు బిగింపు. ముందు రైఫిల్ ఖాళీ చేసి, మ్యాగజైన్ తీసేసి, వెనక గడియ లాంటి బోల్ట్ బయట పెట్టి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కళ్ళతో చూసి, వేలితో తడిమి, తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేశాను. అప్పుడుగానీ డ్రిల్ ముట్టుకోలేదు.

వెనక స్టడ్, అంటే స్వివెల్ కొక్కెం తగిలించే కన్నమున్న చిన్న మర, సులువు. బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) అడుగు అంచు మీద, చివరి మూల నుంచి సుమారు 2.5 అంగుళాలు ముందుకి, సరిగ్గా మధ్య గీత మీద. ఆ మధ్య గీత గీయడానికే చాలాసేపు పట్టింది. బట్‌కి తువ్వాలు చుట్టి వైస్‌లో పట్టించి, చెక్క పెచ్చులు లేవకుండా టేపు అంటించి, ఎంత లోతు దిగాలో తెలిసేలా బిట్‌కి కూడా టేపు చుట్టాను. మర లావు కంటే కన్నం కాస్త సన్నగా ఉండాలి. మరీ సన్నమైతే చెక్క చీలుతుంది, వదులైతే మర పట్టదు. డ్రిల్ దిగుతుంటే ముందు పాలిష్ పొడి నల్లగా రాలింది, ఆ తరువాత తేనె రంగు చెక్క సన్నటి చుట్టలుగా పైకి లేచి వచ్చిందిరా! ఎంత బాగుందో! మర అంచులకి కొవ్వొత్తి మైనం రాసి, స్టడ్ కన్నంలో మేకు దూర్చి దాన్నే పిడిగా తిప్పాను. కిర్రుమనకుండా లోపలికి దిగిపోయింది.

ముందు స్టడ్‌దే అసలు టెన్షన్. అక్కడ చెక్క పల్చన, బరువంతా లాగేది అక్కడే. అందుకే చెక్క మర కాకుండా, ఫోర్‌ఎండ్ (గొట్టం కింద ఉండే ముందు చెక్క) గుండా దూరి లోపల నట్‌తో బిగిసేది పెట్టాను. నట్ చెక్కలోకి దిగి కూర్చోవాలి, మర కొస బ్యారెల్‌కి, అంటే గొట్టానికి, తగలకూడదు. తగిలితే గురి ఎటు పోతుందో చెప్పలేం.

అన్నిటికంటే నీకు చెప్పాలనుకున్నది ఇదిగో. బిగించాక బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య సన్న కాగితం పెట్టి జరిపాను, చివరిదాకా హాయిగా జరిగింది. అక్కడితో ఆగలేదు. స్లింగ్‌ని గట్టిగా కిందికి లాగి పట్టుకుని మళ్ళీ జరిపాను, అప్పుడూ జరిగింది! ఇదే పరీక్ష ఇందాక చెప్పిన స్నేహితుడి రైఫిల్‌కి చెక్కకి బదులున్న ప్లాస్టిక్ స్టాక్ మీద చేస్తే, స్లింగ్ లాగగానే ఫోర్‌ఎండ్ వంగి కాగితం ఇరుక్కుపోయింది. స్లింగ్ బిగించి పట్టుకుని కాల్చినప్పుడల్లా తూటా పక్కకి ఎందుకు పోతోందో అతనికి అప్పుడు అర్థమైంది. ముఖం వెలిగిపోయిందనుకో! నీది కూడా ఆ రకం స్టాకే కదా, తప్పకుండా చూడు.

పట్టీ దూర్చేటప్పుడు కొసని బకిల్‌లోంచి ఒకసారి తీసి వదిలెయ్యకు. వెనక్కి తిప్పి మళ్ళీ అదే బకిల్‌లో దూర్చాలి, అప్పుడే బరువు పడే కొద్దీ బిగుస్తుంది. ఆ తరువాత కింద పరుపు ఉండేలా రైఫిల్‌ని వేలాడదీసి, పట్టీని రెండు మూడు సార్లు గట్టిగా గుంజి చూశాను. పొడుగు సర్దుకోవడం మాత్రం నువ్వు నడిచేటప్పుడు వేసుకునే జాకెట్ వేసుకునే చెయ్యి. చొక్కా మీద సరిపోయిన కొలత జాకెట్ మీద చంక దగ్గర పట్టేస్తుంది.

ఇప్పుడు భుజాన వేసుకుంటే ఉందా లేదా అన్నట్టుంది. రెండు చేతులూ ఖాళీ! గొట్టం పైకి పెట్టి మోస్తే కొమ్మల కింద వంగినప్పుడు తగులుతుంది, కిందికి పెడితే వాన లోపలికి పోదు కానీ కూర్చునేటప్పుడు మట్టి దూరకుండా చూసుకోవాలి. నాకైతే కిందికే నచ్చింది, ఎడమ భుజాన. గొడుగు మాస్టారు చూస్తే ఏమనేవారో, పాపం... ఆయన్ని తలుచుకుంటే ఏదోలా ఉంటుందిరా. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

అన్నట్టు త్వరగా ఊడదీసే స్వివెల్స్ కొంటే, తాళం పడ్డాక మర బిళ్ళ చివరిదాకా తిప్పావో లేదో చూడు, ఎందుకంటే నడుస్తుంటే అవి... కింద హారన్ కొడుతున్నారు, నాకోసమే. నీ కాగితం పరీక్ష ఏమైందో వెంటనే రాయి.

నీ
చిన్నా